తరుణాస్థి, మృదులాస్థి: తంతుయుత మృదులాస్థి స్వరూప ప్రయోజన విచారము

సుశ్రుతసంహితయందలి శారీరస్థానము, పంచమాధ్యాయమున అస్థులు కపాలములు, రుచకములు, తరుణములు, వలయములు, నలకములు అని ఐదు తెగలుగా విభజింపబడినవి. మోకాలు, భుజము, తల మున్నగు చోట్ల కపాలములు గలవు. దంతములు రుచకములు. ముక్కు, చెవి, మెడ, అక్షికోశము అను నాలుగు తావులలో తరుణములు గలవని గ్రంథము చెప్పుచున్నది. సంస్కృతాభ్యాసము గలవారు నేటి శారీరశాస్త్రగ్రంథములలో ‘మృదులాస్థి’ అను మాటను చూచిన వెంటనే ఈ తరుణాస్థినే స్మరింతురు. అది సహజము. చెవిడొప్పను వ్రేళ్ళతో వంచినచో వంగును, విడిచినచో యథాస్థితికి వచ్చును. తరుణమనగా లేతది. లేత ఎముక అను పేరు అట్టిదానికి చక్కగా సరిపోవును.

అయితే మృదులాస్థి యంతయు ఒక్క జాతి కాదు. నేటి శాస్త్రము దానిని కాచాభము, స్థితిస్థాపకము, తంతుయుతము అని మూడు విధములుగా విభజించినది. ముక్కునందును, శ్వాసనాళపు వలయములందును ఉన్నది కాచాభము, చెవిడొప్పలోనిది స్థితిస్థాపకము. మూడవదైన తంతుయుత మృదులాస్థి వెన్నుపూసల నడుమను, మోకాటి కీలులోను, కటి ముందుభాగపు ఎముకల కలయికయందును నెలకొని యున్నది. సుశ్రుతుడు తరుణాస్థులకు చెప్పిన స్థానములలో ఇవి లేవు. ‘గ్రీవా’ శబ్ద మొక్కటే సందేహమునకు తావిచ్చును గాని, దానిని కంఠనాళపరముగా గ్రహించినచో ఆ సందేహమును తీరును. ఇక అక్షికోశమును కనురెప్పలపరముగా గ్రహించినచో, రెప్పలోని గట్టి పలక నేటి పరీక్షలో మృదులాస్థియే కాదు. అది దట్టమైన తంతుకణజాలము. కావున తరుణాస్థి, మృదులాస్థి అను రెండు మాటలు కొంతదూరము కలిసి నడచి, పిదప వేరుపడుచున్నవి. ఎచట వేరుపడుచున్నవో తెలిసికొనుటకు తంతుయుత మృదులాస్థియే మంచి నికషము.

స్వరూపము

మృదులాస్థి మూడు విధములలోను సామాన్యలక్షణ మొకటి గలదు. జీవకణములు తక్కువ, వాని చుట్టునున్న మాతృక ఎక్కువ. కణములు ఆ మాతృకలో చిన్న చిన్న గూళ్ళయందు ఇమిడి యుండును. కాచాభమున మాతృక గాజువలె ఏకాకారముగా కనబడును. తంతువు లున్నను అవి సన్నగా నుండుటచే సాధారణ సూక్ష్మదర్శినికి పొడకట్టవు. తంతుయుతమున స్థితి దీనికి విపరీతము. కొల్లాజెన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన మోటు తంతువులు కట్టలు కట్టలుగా, బరువు పడు దిక్కు ననుసరించి బారులు తీరి యుండును. ఆ కట్టల నడుమ మృదులాస్థి కణములు వరుసలుగా నిలిచి యుండును. నాగటిచాళ్ళ మధ్య మొలకలు వరుసగా నిలిచినట్లు ఈ అమరిక కనబడును.

కొల్లాజెన్‌లో పెక్కు రకములు గలవు. మొదటి రకము చర్మము, స్నాయుబంధనములు, ఎముకలయందు ప్రధానముగా నుండును. రెండవ రకము కాచాభ మృదులాస్థికి ప్రత్యేకము. తంతుయుతమున మొదటి రకము సమృద్ధిగా నుండగా, రెండవ రకమును దానితో కూడియుండును. లాగుడును తట్టుకొను గుణము మొదటిదానివలనను, ఒత్తిడిని ఓర్చు గుణము నీటిని పట్టియుంచు మాతృకవలనను ఈ కణజాలమునకు లభించినవి. త్రాటికి ఒత్తిడి నోర్చు శక్తి లేదు. మెత్తకు లాగుడు నోర్చు శక్తి లేదు. రెండు శక్తులును ఒకేచోట కావలసిన తావులలోనే తంతుయుత మృదులాస్థి కానవచ్చును.

మఱొక విశేషము గలదు. ఇతర మృదులాస్థులను సాధారణముగా వెలుపల నొక తంతుపొర ఆవరించి యుండును. తంతుయుతమునకు అట్టి పొర లేదు. ఇది ప్రక్కనున్న బంధనములోనికో, ఎముకలోనికో, కాచాభములోనికో క్రమక్రమముగా కలిసిపోవును. రక్తనాళములు దీనిలో అత్యల్పము, అంతర్భాగములయందు అసలే లేవు. ఆహారము చుట్టునున్న ద్రవములనుండి ఊరి రావలసినదే. అందుచేత దీనికి గాయమైనచో మానుట కష్టము.

ప్రయోజనము

తంతుయుత మృదులాస్థి చేయు పనిని మూడు స్థానములలో పరిశీలించినచో దాని తత్త్వము బోధపడును.

మొదటిది వెన్నుపూసల నడిమి పలక. లోకవ్యవహారమున దీనినే డిస్కు అందురు. మెడలోని మొదటి రెండు పూసల నడుమ ఇది లేదు. రెండవ పూసకు దిగువనుండి త్రికాస్థివరకు ఇట్టి పలకలు 23 గలవు. త్రికాస్థికి పైనున్న వెన్నెముక పొడవులో సుమారు నాల్గవవంతు వీనిదే. ప్రతి పలకకును రెండు భాగములు. నడుమ జిగురువంటి మెత్తని కేంద్రకము, దాని చుట్టు తంతువలయము. తంతువలయమున 15 నుండి 25 వరకు పొరలుండును. ఒక పొరలోని తంతువులు కుడికి వాలియుండిన, దాని ప్రక్క పొరలోనివి ఎడమకు వాలియుండును. నులకమంచమున నులకపోగులు ఒకదానికొకటి అడ్డముగా సాగునట్లు ఇవియు సాగును, కాని ఇచట అల్లిక లేదు, పొర మీద పొరయే. శరీరభారము పైనుండి పడగా కేంద్రకము అన్ని ప్రక్కలకు త్రోయును. నీరు నింపి మూతి కట్టిన తిత్తిని అదిమినపుడు దాని ప్రక్కలు బిగిసినట్లు తంతువలయము బిగియును. ఈ విధముగా పైనుండి వచ్చిన ఒత్తిడి చుట్టునున్న తంతువులలో లాగుడుగా మారును.

యౌవనమున కేంద్రకములో నూటికి ఎనుబదివంతులకు పైగా నీరే యుండును. పగలంతయు నిలిచి నడచుటచే కొంత నీరు వెలికి పోవును. రాత్రి పరుండినపుడు తిరిగి చేరును. మనుష్యుడు సాయంకాలముకంటె ఉదయమున ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుగా నుండుటకు ముఖ్యకారణ మిదియే. వయస్సు పెరిగినకొలది ఈ నీటిని పట్టియుంచు శక్తి క్షీణించును.

రెండవది మోకాలు. తొడయెముక క్రిందికొన గుండ్రము. దానిని మోయు జంఘాస్థి పైభాగము ఇంచుమించు చదును. గుండ్రని యడుగు గల కుండను చదునైన నేలపై నుంచినచో ఒక్క చుక్కమీదనే భారమంతయు పడి కుండ దొర్లును. అందుకే ఇండ్లలో కుండక్రింద చుట్టకుదురు ఉంతురు. మోకాటిలోని రెండు అర్ధచంద్రాకార ఫలకములు చేయు పని యిదియే. ఇవి వెలుపలి అంచున మందముగాను, లోపలి అంచున పలుచగాను ఉండి, గుండ్రని యెముకకు ఒదుగును. భారము పడినపుడు వీనిని వెలుపలికి నెట్టివేయు ప్రయత్నము జరుగును. చుట్టువెంబడి సాగిన తంతువులు, రెండు కొనలయందు ఎముకను పట్టుకొనియుండుటచే, ఆ నెట్టుడును అడ్డగించును. చుట్టకుదురు గడ్డి యెంత మెత్తనిదైనను దాని చుట్టు బిగువుగా నుండినంతవరకు కుండ కదలదు. చుట్టు తెగినచో కుదురు విచ్చుకొనును. ఫలకపు చుట్టుతంతువులు పూర్తిగా చినిగినచో జరుగునదియు ఇట్టిదే.

మూడవది స్నాయుబంధనము ఎముకను చేరు చోటు. కండరపు శక్తిని ఎముకకు చేర్చు ఈ త్రాడు మెత్తనిది, వంగునది. ఎముక గట్టిది, వంగనిది. రెండును నేరుగా అతికినచో ప్రతి కదలికకును అతుకుచోట తెగుడు సంభవింపవలెను. అట్లు కాకుండ, పెక్కు తావులలో నాలుగు మెట్లు గలవు. మొదట స్నాయుబంధనము, పిదప తంతుయుత మృదులాస్థి, ఆపై సున్నము చేరిన తంతుయుత మృదులాస్థి, చివరకు ఎముక. మెత్తదనమునుండి కాఠిన్యమునకు మెట్టుమెట్టుగా దింపు సంధానమిది.

ఇవి గాక దవుడకీలులోని ఫలకము ఆ కీలును రెండు గదులుగా విభజించును. నోరు తెరచునపుడు దవుడతల క్రింది గదిలో తిరుగును, పైగదిలో ఫలకముతో కూడ ముందునకు జారును. కటి ముందుభాగపు రెండు ఎముకలను కలుపు పలక గర్భిణులలో కొంత సడలి ప్రసవమునకు తోడ్పడును. భుజమునందును తుంటియందును కీలుగుంటల అంచులకు ఇట్టి పట్టీయే లోతు నిచ్చుచున్నది.

నామదోషమువలన కలిగిన నష్టము

తంతుయుత మృదులాస్థి ప్రయోజనము పాశ్చాత్యవైద్యులకును మొదటినుండి స్పష్టముగా తెలియదు. 19వ శతాబ్ది చివర మోకాటి ఫలకములు కాలికండరముల నిరుపయోగావశేషములని బ్లాండ్ సట్టన్ అను ఆంగ్లవైద్యుడు తలచెను. అవశేషమను పేరు పడినదానిని కోసివేయుటకు సంకోచముండదు. 1883లో ఎడింబరోలో థామస్ అన్నండేల్ చినిగిన ఫలకమును కుట్టి నిలిపినను, తరువాతి దశాబ్దములలో ఫలకమును పూర్తిగా తొలగించుటయే రివాజయ్యెను. 1948లో ఫెయిర్‌బ్యాంక్ ఫలకము తొలగింపబడిన మోకాళ్ళ ఎక్స్‌రే చిత్రములను పరిశీలించి, ఎముకకొన చదునగుటను, కీలు నడిమి ఎడము సన్నగిల్లుటను వెల్లడించెను. చుట్టకుదురు తీసివేసిన కుండకు ఏ గతియో మోకాటికిని ఆ గతియే. ఆ పిమ్మట మెల్లమెల్లగా వైద్యుల దృష్టి మారినది. నేడు వీలైనంతవరకు ఫలకమును కాపాడుటయే, వెలుపలి అంచున రక్తప్రసారము గల భాగమున చినిగినచో కుట్టుటయే మేలని ఎంచబడుచున్నది.

వెన్నుపలక చరిత్రయు ఇట్టిదే. తంతువలయము చినిగి లోపలి పదార్థము వెలికివచ్చి నాడిని ఒత్తినపుడు పిరుదునుండి కాలివరకు తీవ్రమైన నొప్పి కలుగును. శస్త్రచికిత్సలో కనబడిన ఆ ముద్దను పూర్వము పలువురు మృదులాస్థిలో పుట్టిన కంతి యని భావించిరి. 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు అట్టివానిలో పెక్కు కంతులు కావనియు, పగిలిన పలకనుండి జారినవనియు నిరూపించిరి. పదార్థమొక్కటే, పేరు మారినది. పేరుతోపాటు రోగనిదానము, చికిత్స, రోగికి చెప్పు మాట అన్నియు మారినవి. కావున శరీరావయవముల నామవిచారము కేవలము నిఘంటువుకు సంబంధించినది కాదు.

సుశ్రుతుని దృష్టి

సుశ్రుతుడు శవపరీక్షావిధానమును వివరించెను. శవమును ముంజగడ్డి, దర్భ మున్నగువానిచే చుట్టి, పంజరమున నుంచి, పారు నీటిలో మరుగుచోట నుంచవలెను. ఏడు దినముల పిదప వెలికి తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మున్నగువానితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను కంటితో చూడవలెను. ఈ పద్ధతియందు అవయవముల ఆకారము, స్థానము, ఒకదానితో నొకదానికి గల బంధము కనబడును. పదార్థపు లోపలి నిర్మాణము కనబడదు. తంతుయుతమును కాచాభమునుండి వేరుపరచు లక్షణమంతయు ఆ లోపలి నిర్మాణమునందే కలదు.

అందుచే సుశ్రుతుడు తన వర్గీకరణమును ఆకారముపైనను, ప్రవర్తనముపైనను నిలిపెను. నిదానస్థానమున భగ్నములను చెప్పుచు, తరుణాస్థులు వంగుననియు, నలకములు విరుగుననియు, కపాలములు పగులుననియు, రుచకములు చిట్లుననియు విభాగించెను. ఇది పరీక్షింపదగిన లక్షణము. సంధులు 210 యని లెక్కించి, వానికి కోర, ఉలూఖల, సాముద్గ, ప్రతర, తున్నసేవనీ, వాయసతుండ, మండల, శంఖావర్తములని ఎనిమిది పేర్లు పెట్టెను. వెన్నెముక సంధులు ప్రతరములు, దవుడ సంధి కాకిముక్కువంటి వాయసతుండము, భగ సంధి భరిణెవంటి సాముద్గము, మోకాలు కోరము. నేటి శాస్త్రము తంతుయుత మృదులాస్థిని చూపు ముఖ్యస్థానములన్నియు ఇందు పేర్లతో కలవు. అయితే ఆ పేర్లు సంధికి గాని, సంధిలోని పదార్థమునకు గావు.

సంధి పనిచేయు తీరును గూర్చి ఆయన చెప్పిన రెండు దృష్టాంతములు గమనింపదగినవి. ఇరుసునకు చమురు పూసినచో చక్రము చక్కగా తిరుగునట్లు శ్లేష్మముచే సంధులు చక్కగా ప్రవర్తించుననునది ఒకటి. పలకలతో చేసిన పడవ పెక్కు బంధములచే కట్టబడి నీటిపై భారమును మోయగలిగినట్లు, స్నాయువులచే కట్టబడిన సంధులవలన శరీరము భారము నోర్చుననునది రెండవది. మొదటిది జారుడును చెప్పును, రెండవది బిగువును చెప్పును. జానుమర్మము దెబ్బతినినచో కుంటితనము కలుగుననియు ఆయన గుర్తించెను. ఫలితము తెలిసినది, ఆ ఫలితమునకు లోనున్న పదార్థము వేరుగా పేర్కొనబడలేదు. సుశ్రుతుడు తంతుయుత మృదులాస్థిని ఎరిగియుండెనని చెప్పుట గ్రంథమునకు లేని మాటను అంటగట్టుట యగును. ఎరుగలేదని తీసివేయుటయు, ఆయన కన్నులతో చూచి చెప్పిన వంపు, బిగువు, జారుడు అను మూడు ధర్మములను విస్మరించుట యగును.

పరిభాషా విచారము

అస్థిసంఖ్యయందే ఈ సమస్యకు మూలము కలదు. చరకుడు 360 అస్థులు చెప్పెను. శల్యతంత్రమున 300 మాత్రమే యని సుశ్రుతుడు చెప్పెను. నేటి శాస్త్రము వయోజనునికి 206 యని లెక్కించును. ఈ భేదమునకు గల కారణములలో ముఖ్యమైనది, దంతములను, తరుణములను అస్థులలో చేర్చుట. 1907లో హెర్న్‌లీ పండితుడు ప్రాచీనభారతీయుల అస్థిశాస్త్రముపై ప్రకటించిన గ్రంథమున ఈ లెక్కలను విపులముగా చర్చించెను. అస్థిశబ్దమునకు పూర్వులు ఇచ్చిన వ్యాప్తి విశాలమైనది. నేటి వ్యాప్తి సంకుచితము. సున్నపు లవణములతో గట్టిపడి, రక్తనాళములు గల కణజాలమే అస్థి.

ఇక పేర్ల సంగతి. ‘తరుణాస్థి’ యను మాటకు లేత ఎముక యని అర్థము. గర్భస్థశిశువునందు కాచాభ మృదులాస్థి చాలవరకు ఎముకగా మారునది గనుక దానికి ఈ పేరు యౌగికముగానే సరిపోవును. తంతుయుతము ఎముకకు పూర్వరూపము కాదు. జీవితాంతము తనరూపముననే యుండి పనిచేయునది. ‘మృదులాస్థి’ యనగా మెత్తని యెముక. తంతుయుతము మెత్తనిదియు కాదు, ఎముకయు కాదు. హిందీ పరిభాషలోని ‘ఉపాస్థి’ యను మాట కొంత తటస్థము. ఏ మాటయు సంపూర్ణముగా యౌగికార్థమున సరిపడదు. కావున మృదులాస్థిశబ్దమును రూఢముగా గ్రహించి, భేదమును తెలుపు భారమును విశేషణముపై నుంచుటయే యుక్తము. ‘తంతుయుత’ అను విశేషణమే ఇచట ప్రాణము. పాఠ్యపుస్తకములలో దీనిని విడిచి ఉత్త ‘మృదులాస్థి’ యని వ్రాసినచో మోకాటి ఫలకమునకును ముక్కుకొనకును భేదము తెలియదు.

ఒకే సంస్కృతశబ్దము నేడు భిన్నార్థములలో వాడబడుట మఱొక చిక్కు. సుశ్రుతుడు స్నాయువులు 900 యని చెప్పినది శరీరమును కట్టి యుంచు బంధములను గూర్చి. వంగభాషలో నేడు స్నాయువనగా నాడి. తెలుగు శాస్త్రపరిభాషలో స్నాయుబంధనమనగా కండరమును ఎముకకు కలుపు త్రాడు మాత్రమే. ఎముకను ఎముకతో కలుపునది సంధిబంధనము. పృష్ఠవంశమనగా సుశ్రుతునకు వెన్నెముక. తెలుగు జంతుశాస్త్రమున అది పిండదశలో వెన్నెముకకు ముందు ఏర్పడు కడ్డీకి పేరు. చిత్రమేమనగా వెన్నుపలక నడుమనున్న కేంద్రకము ఆ కడ్డీనుండియే పుట్టినది. ‘పృష్ఠవంశమున పృష్ఠవంశశేషము గలదు’ అని వ్రాసినచో, రెండు పరిభాషలు తెలిసినవానికి తప్ప ఆ వాక్యము అర్థము కాదు.

దీనినుండి అధ్యాపకులు గ్రహింపవలసిన నియమము సులభమైనది. సుశ్రుతుని వాక్యమును వ్యాఖ్యానించునపుడు తరుణ, స్నాయు, సంధి శబ్దములను ఆయన యిచ్చిన లక్షణముతోనే చెప్పవలెను. వానికి నేటి పేర్లను పర్యాయములుగా వేయరాదు. నేటి శారీరమును తెలుగున వ్రాయునపుడు తంతుయుత మృదులాస్థియను పూర్తిపేరు వ్రాసి, స్థానమును, పనిని వెంటనే చెప్పవలెను. రెండింటిని పోల్చవలసివచ్చినపుడు పేరునకు పేరు గాక లక్షణమునకు లక్షణము పోల్చవలెను. వంగునా విరుగునా, జారునా బిగియునా, భారము నోర్చునా లాగుడు నోర్చునా అని అడిగినచో, పారు నీటిలో నానిన దేహమును కుంచెతో రుద్ది చూచిన ప్రాచీనాచార్యునకును, సూక్ష్మదర్శినిలో తంతువులను చూచు నేటి పరిశోధకునకును సమానమైన ప్రశ్న లభించును. ప్రశ్న సమానమైనచోటనే పోలికకు ప్రామాణ్యము.